జర నీ ఫోనియ్యి

పక్క రూమ్‌లో ఎవరో కోడిగుడ్ల పులుసు పెడుతున్నారు. ఉల్లిగడ్డలు ఎర్రగా వేగే వాసన గోడ దాటి వచ్చేసరికి నా చేయి దానంతటదే జేబులోకి పోయి ఫోన్‌ను గట్టిగా పట్టుకుంది. ఈ వాసనకు ఎవరికైనా నోరూరుతుంది. నాకు భయం వేస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముందు నా గొప్ప నేను చెప్పుకోవాలి. బర్కా నుంచి సూర్ దాకా, ఈ ఒమాన్ తీరం పొడవునా, మన తెలుగువాళ్ల ఇళ్లల్లో ఎవరు పోయినా ఆ కబురు ఇక్కడున్న మనిషికి చెప్పడానికి నన్నే పిలిచేవారు. విన్నవాడు కుప్పకూలకుండా చావుకబురు చెప్పగలిగేది నేనొక్కడినే అని పేరు. ఆ విద్య నేర్పినవాడు గంగారామన్న. మీరెవరూ ఆయనను చూసి ఉండరు. ఇక చూడలేరు కూడా.

గంగారామన్నది మా జగిత్యాల వైపే. బర్కాలో మా కంపెనీ క్యాంపులో షట్టరింగ్ మేస్త్రీ. స్లాబు పోసే ముందు చెక్కలు బిగించే పని. నేను అదే కంపెనీలో టైమ్‌కీపర్‌ని. ఏసీ గదిలో కుర్చీ, ముందు కంప్యూటర్. నాకు ఈమెయిల్ అంటే మహా ఇష్టం. ఎదుటివాడి మొఖం చూడనక్కర్లేదు, వాడు తిట్టినా చెవిన పడదు. ఒకసారి క్యాంపులో నీళ్లు రాకపోతే మస్కట్‌లోని ఆఫీసుకు ఇంగ్లిషులో చక్కగా రాసి పంపి, ఆ మాట గంగారామన్నకు గర్వంగా చెప్పాను.

"ముట్టిందా?" అని అడిగాడు.

"పంపిన గదనే అన్నా."

"పంపుడు నీ పని. ముట్టుడు ఎవని పనిరా? వాడు సూసిండా, మొఖం తిప్పుకున్నడా, నీకేమెరుక?"

మర్నాడు డ్యూటీ ఎగ్గొట్టి మస్కట్ పోయి మేనేజర్ ఎదుట నిలబడ్డాడు. ఏ భాషలో మాట్లాడాడో తెలియదు. మధ్యాహ్నానికి ట్యాంకర్ వచ్చింది. నా ఈమెయిల్‌కు జవాబు తర్వాతి వారం వచ్చింది, సమస్య ఏమిటో వివరంగా తెలపవలసిందని.

ఊళ్లల్లో ఎవరైనా పోతే ఇంటివాళ్లు కొడుక్కో భర్తకో నేరుగా ఫోన్ చేసేవారు కాదు. గంగారామన్నకు చేసేవారు. ఆయన మొదట చేసే పని, ఆ మనిషి దగ్గరికి పోయి, "నా దాంట్ల పైసలు అయిపోయినయ్, జర నీ ఫోనియ్యి" అని అడగడం. ఫోన్ ఆయన జేబులోకి పోతే ఇంకెవరి మాటా వాడికి ముట్టదు. తర్వాత కోడిగుడ్ల పులుసు వండేవాడు. ఎదురుగా కూర్చోబెట్టి కడుపునిండా తినిపించి, చేయి కడిగించి, అప్పుడు చెప్పేవాడు. ముందు అన్నం ఎందుకని ఒకసారి అడిగాను. "కబురు ఇన్నంక ముద్ద దిగదురా. పాస్‌పోర్ట్ అని, టికెట్ అని తిరగాలె. ఇంటికి వోయి పాడె మొయ్యాలె. ఉత్త కడుపుతోని ఎట్ల మోస్తడు?" అన్నాడు.

ఇందులో ఒక చిక్కు వచ్చిపడింది. కొన్నేళ్లకు క్యాంపు అంతటికీ ఆయన పద్ధతి తెలిసిపోయింది. ఆయన ఊరికే "తిన్నవారా?" అన్నా మనుషులు జేబులోని ఫోన్ గట్టిగా పట్టుకునేవారు. నిజంగానే పైసలు అయిపోయి ఫోన్ అడిగితే ఒకడు గుండె పట్టుకుని కింద కూర్చున్నాడు. మెస్‌లో ఆయన పళ్లెం పట్టుకుని వస్తే పక్కవాడు జరిగి కూర్చునేవాడు. మాటంటే ప్రాణమిచ్చే మనిషితో మాట్లాడేవాడు లేకుండా పోయాడు. నేను కూడా ఆయన ఎదురుపడితే, "తిన్న అన్నా, తిన్న" అని అడగకముందే చెప్పి తప్పించుకునేవాడిని.

తప్పించుకోనిది ఓబులమ్మ ఒక్కతే. కడప వైపు మనిషి. క్యాంపు వెనక ఖర్జూరపు తోట ఉంది, ఆ తోట యజమాని ఇంట్లో వంట చేస్తుంది. ఆమె తల్లి పోయిన కబురు చెప్పింది గంగారామన్నే. "మా అమ్మ సచ్చిపోతే నాకు గుడ్లు తినిపిస్తావా?" అని ఆయనను నానా మాటలూ తిట్టింది. ఊరికి పోయి తిరిగొచ్చాక ప్రతి శుక్రవారం తోటలో మోటారు షెడ్డు దగ్గరికి వచ్చి ఆయన వండింది తిని, ఉప్పు తక్కువైందని మళ్లీ తిట్టి పోయేది. శుక్రవారాలు మేము ముగ్గురమే.

తర్వాత అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చాయి. సూర్‌లో సైట్ మీదున్న మా వైపు వాడు సత్తయ్య. వాడి తండ్రి పోయాడని గంగారామన్నకు కబురొస్తే, టిఫిన్ డబ్బాలో అన్నం, పులుసు సర్దుకుని నన్ను వెంటబెట్టుకుని టాక్సీ ఎక్కాడు. మేము పోయేసరికి సత్తయ్య మంచం మీద కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. "రా అన్నా. ఇప్పుడే అంటువెట్టిండ్రు" అని తెర మా వైపు తిప్పాడు. తెర మీద వాళ్ల నాన్న చితి మండుతోంది. రూమ్‌లో నిండా మనుషులున్నారు. ఎవరి ఫోన్‌లో వాళ్లున్నారు. ఎదురు మంచం మీద ఉన్నవాడు కూడా సత్తయ్యకు చేతులు జోడించిన బొమ్మ పంపాడు. లేచి రెండడుగులు వేసి భుజం మీద చెయ్యి వేయలేదు.

"తిన్నవారా?" అన్నాడు గంగారామన్న.

"పొద్దటి నుంచి ఎవరు అడగలే అన్నా" అన్నాడు సత్తయ్య, తెర మీంచి కళ్లు తీయకుండా.

తిరిగి వచ్చేటప్పుడు ఖురియాత్ దగ్గర చాయ్ కోసం ఆగాం. ఆయన గ్లాసులోకి చూస్తూ, "ఇగ మన పని అయిపోయిందిరా" అన్నాడు. నేను ఏదో ధైర్యం చెప్పాలనుకున్నాను. అదే సమయానికి నా ఫోన్ మోగితే అందులోకి చూశాను.

ఇప్పుడు నా గొప్ప సంగతి. మొదట్లో చెప్పింది కాస్త సాగదీశాను, ఒప్పుకుంటున్నాను. ఒమాన్ తీరం పొడవునా నన్నెవరూ పిలవలేదు. పిలిచింది ఆయనను. నేను వెనక టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడేవాడిని. నా అంతట నేను కబురు చెప్పింది ఒకే ఒక్కసారి. ఆ చెప్పింది గంగారామన్నకే.

ఒక శుక్రవారం ఆయన బిడ్డ నాకు ఫోన్ చేసింది. "కాకా, అమ్మ వోయింది. బాపుకు నువ్వే చెప్పాలె. గ్రూపులల్ల ఫోటో వెట్టకముందే చెప్పు" అని ఏడ్చింది. అప్పటికి ఆయనకూ బిడ్డ పంపిన పెద్ద ఫోన్ ఉంది. ఎవడు ఎప్పుడు ఆ ఫోటో పంపుతాడో తెలియదు. నేను తోటలోకి పరుగెత్తాను. నేను పంపిన ఏ ఈమెయిలూ అంత తొందరగా పోయి ఉండదు. గంగారామన్న మోటారు షెడ్డు దగ్గర పొయ్యి ముందున్నాడు. ఓబులమ్మ ఉల్లిగడ్డలు తరుగుతోంది. ఊపిరి కూడదీసుకుని, "అన్నా, నా దాంట్ల పైసలు అయిపోయినయ్. జర నీ ఫోనియ్యి" అన్నాను. ఇచ్చాడు. వంట అయ్యాక కూర్చోబెట్టి తినిపించాను. చేయి కడిగించాను. ఆ చేయి పట్టుకుని, "వదిన వోయిందే అన్నా" అని చెప్పాను. ఆయన నేర్పినట్టే చెప్పాను. కుప్పకూలలేదు.

ఆయన ఊరికి పోయి మళ్లీ రాలేదు. ఫోన్ చేస్తే, "మొఖం కనవడకపాయె, ఏం మాట్లాడాలెరా" అనేవాడు. తెర మీద మొఖం చూపిస్తే, "గిది నీ మొఖం కాదురా, నీ ఫోటో మాట్లాడుతున్నట్టున్నది" అని పెట్టేసేవాడు. నేను చేయడం తగ్గించాను. మెసేజ్ పెడితే సరిపోతుందిలే అనుకున్నాను. ఆయనకు చదువు రాదని నాకు తెలుసు.

మొన్న ఎండల్లో ఆయన పోయాడు. కంపెనీ మానేసి ఇప్పుడు నేను బర్కాలోనే చిన్న కిరాణా కొట్టులో కూర్చుంటున్నాను. ఎవరికో సబ్బు తీసిస్తుంటే గ్రూపులో ఫోటో వచ్చింది. పైన ఎవడిదో పుట్టినరోజు కేకు, కింద బంగారం ధర, నడుమ గంగారామన్న, మెడలో పూలదండ. నా ఫోన్ ఎవరూ అడగలేదు. తిన్నావా అని ఎవరూ అనలేదు. సబ్బు కొన్నవాడు చిల్లర అడిగితే ఇచ్చాను. తర్వాత నేనూ చేతులు జోడించిన బొమ్మే పెట్టాను. ఇంకేం పెట్టాలో తెలియలేదు.

ఈమెయిల్ ఇష్టమా, మెసేజ్ ఇష్టమా, మాట ఇష్టమా అని కొట్టుకు వచ్చే పిల్లలు ఏదో వాదులాడుకుంటుంటారు. నాకు మాటే ఇష్టమని చెప్పాలని నోటిదాకా వస్తుంది. ఎవరితో అని అడుగుతారని ఊరుకుంటాను. నేను పోతే ఇక్కడ నా గురించి ఎవరికి చెప్పాలో, ఎవరు అన్నం వండి చెప్తారో నాకు తెలియదు. బహుశా కేకుకూ బంగారానికీ నడుమ నాకూ కాస్త చోటు దొరుకుతుంది. ఆయన నాకిచ్చిపోయింది మాత్రం ఒకటుంది. ఒక్క చావుకబురైనా చేతులారా ముట్టజెప్పినవాడినన్న తృప్తి. దాన్ని పట్టుకునే ఉన్నాను.

ఇక్కడిదాకా రాసి, ఈ శుక్రవారం కొట్టుకు వచ్చిన ఓబులమ్మకు చదివి వినిపించాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంటూ చివరిదాకా వింది.

"ఏందన్నా, ఇట్ల రాసినావు?" అంది. "నేను యాడికి పోయింటి ఆ పొద్దు? ఆడనే కదా ఉండేది. ఫోన్ అడిగినావు, అంతే. ఆయప్ప ఫోన్ నీ చేతిలో పెట్టి, 'మీ వదినేనా?' అన్నాడు. నువ్వు తల గూడా ఊపలేదు, నిలబడి వణుకుతాంటివి. నువ్వు తినిపించేదేంది? నిన్ను కూసోబెట్టి, అన్నం కలిపి, నీ నోట్లో ముద్దలు పెట్నాడు. ఆయప్ప ఒగ మెతుకు గూడా ముట్టలేదు. నీ చెయ్యి కడిగించినాంక, వదిన పోయిందని ఆయప్పే నీకు చెప్పినాడు."