ఓడలో నేల టికెట్

ఇది సముద్రయానం కథ. ఇందులో నడిసముద్రం ఉంది, అంతస్తుల మేడలాంటి ఓడ ఉంది, ఏడాదిగా సరిగ్గా నిద్రపోని మనిషి ఉన్నాడు. ఇంత ఊరించాక నిజం కూడా చెప్పాలి. ఆ ఓడ నేను ఎక్కలేదు. 2023లో ఇదంతా జరుగుతున్నప్పుడు నేను మహబూబ్‌నగర్ బస్టాండ్ దగ్గర, ఎరువుల దుకాణం పైనున్న ట్రావెల్స్ ఆఫీసులో, తిరిగే కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఆ కుర్చీ కూడా తిరగదు.

మా పని ఎక్కువగా తిరుపతి బస్సులు, షిర్డీ ప్యాకేజీలు, దుబాయ్ టికెట్లు. కరోనా తర్వాత క్రూయిజ్‌లు కూడా అమ్మడం మొదలుపెట్టాం. క్రూయిజ్ అంటే ఎక్కడికో చేరడానికి కాదు, ఓడలో తిని, పడుకుని, ఎక్కిన చోటే దిగడానికి చేసే ప్రయాణం. గోడ మీద ఒక ఓడ పోస్టర్ అంటించాం. పక్కనే శ్రీశైలం గేట్లు ఎత్తినప్పటి ఫొటో ఉండేది. వచ్చినవాళ్ళు రెండో దాన్నే మెచ్చుకుని వెళ్ళేవాళ్ళు.

అలాంటి రోజుల్లో సుజాతక్క వచ్చింది. ఆమె ఊళ్ళోనే ఒక దవాఖానలో నర్సు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కూర్చోకుండానే అడిగింది.

"తమ్మీ, ఓడల రూములు ఇస్తరట గదా. సప్పుడు అస్సలు లేని రూము కావాలె."

"అస్సలు లేనిదంటే ఒడ్డు మీదనే దొరుకుతది అక్కా."

ఆమె నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. సంగతి ఏమిటంటే, వాళ్ళ బాపు బీరయ్యది కల్వకుర్తి పక్క పల్లె. ఊహ తెలిసినప్పటి నుంచి గొర్ల మందతోనే బతికాడు. మోకాళ్ళు అరిగిపోయి నడవలేక, ఏడాది కింద మందను అమ్మేశాడు.

"గప్పటిసంది నిద్ర లేదు తమ్మీ. మంచంల పండుకొని దూలాలు సూస్తడు. డాక్టర్ సారు నిద్ర గోలీలు రాస్త అంటుండు. జర ఆగుండ్రి అని నేనే అన్న. ఒక్కసారి మొదలువెడితె ఇడుసుడు కష్టం."

"మరి ఓడ ఎందుకు?"

"అమ్మకు సముద్రం సూడాలని ఉన్నది. బాపు రాకుంటె పోనంటది. బాపేమో ఇంట్ల వట్టని నిద్ర నీళ్ళ మీద వడ్తదా అంటడు. ఎట్లనో ఒప్పిచ్చిన. జాగా మారితె పంటడేమోనని నా ఆశ. ఆడ గూడ పండకుంటె, వచ్చినంక ఇగ గోలీలే."

మా దగ్గరికి వచ్చేవాళ్ళకు కావలసింది కిటికీ పక్క సీటు, కాకపోతే ఉల్లిపాయ లేని భోజనం. నిద్ర కావాలని అడిగింది ఈమే మొదలు. నేను డెక్ ప్లాన్ తీశాను. అది ఓడలోని ఒక్కో అంతస్తుకు గీసిన పటం. ఏ గది ఎక్కడుందో, దాని నెత్తిన ఏముందో, కాళ్ళ కింద ఏముందో అందులో కనిపిస్తుంది. గది ఫొటో చూసి మురిసిపోయేవాళ్ళు ఈ పటం అడగరు. ఓడ ముందు భాగంలో ఊపు ఎక్కువ, లంగరు గొలుసు మోత వేరే. వెనక భాగాన్ని ఆఫ్ట్ అంటారు, అక్కడ కింది అంతస్తుల్లో ఇంజిన్ అదురు గోడల్లోకి వస్తుంది. ఈతకొలను కింద గది తీసుకుంటే తెల్లవారకముందే నెత్తిన కుర్చీలు ఈడుస్తారు. లిఫ్టు పక్కనైతే లోకమంతా మన గుమ్మం ముందే మాట్లాడుకుంటుంది. అన్నిటికన్నా నెమ్మదైనది మిడ్‌షిప్, అంటే ఓడ నడుమ, పైనా కిందా కూడా పడకగదులే ఉన్న గది.

అలాంటిదే ఒకటి వెతికాను. నడుమ అంతస్తు, నడుమ భాగం, సముద్రం వైపు బాల్కనీ. పెళ్ళి సంబంధం కుదిర్చినంత గర్వంగా పటం మీద వేలు పెట్టి చూపించాను. వాళ్ళిద్దరికీ కూడా చూపించాకే ఖాయం చేద్దామంది సుజాతక్క.

వారం తర్వాత ముగ్గురూ వచ్చారు. బీరయ్య చేతికర్రను తలుపు పక్కన ఆనించి, పోస్టర్ కేసి అనుమానంగా చూస్తూ కూర్చున్నాడు. ఆయన భార్య సాయమ్మ మాత్రం ఓడను వదిలి, దాని కింద ఉన్న నీళ్ళను చూస్తోంది.

"కాకా, మీకు మంచి రూము వెట్టిన. ఓడ నడుమల, బాల్కనీ."

ఆయన మొహం మాడిపోయింది. "బాల్కనీ వద్దు పిలగా."

"గదేంది?"

"నేల టికెట్ లేదా?"

నాకు ఒక నిమిషం పట్టింది. ఆయనకు తెలిసిన బాల్కనీ ఒక్కటే, కల్వకుర్తి టాకీస్‌లో పైన ఉండే కుర్చీల వరస. కింద తెర ముందు చాపలేని జాగా నేల.

"నేల టికెట్ ఉండదు కాకా. నేల ఉంటె అది ఓడ గాదు."

సాయమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఈయనకు బాల్కనీ అచ్చిరాదు బిడ్డా. పెండ్లయిన కొత్తల పిక్చర్‌కు తోల్కవోయి, నా ముందట షాన్ గొట్టనీకె బాల్కనీ టికెట్ తెచ్చిండు. ఆట అయ్యేదాంక గుడ్లగూబ లెక్క కూసున్నడు."

"పిక్చర్ సూసెటందుకే గదా పెద్దమ్మా పోయింది?"

"గట్ల గాదు. తర్వాత ఎన్నడు వోయినా నేలనే. అందరు ఈలలేస్తరు, చిల్లర ఇసురుతరు, పక్కపొంటి పోరగాండ్లు ఎగురుతరు. ఈయన గోడకు ఒరిగి గురక. హీరో సచ్చింది గూడ ఎరుకలేదు."

"సప్పుడుంటెనే గదా కన్నంటుకునేది," అన్నాడు బీరయ్య, ఇందులో నవ్వడానికి ఏముందన్నట్టు.

నేను కూడా నవ్వుతూ ఫారం మీద పేర్లు రాస్తున్నాను. ఆ మాటకు పెన్ను ఆగింది. "సప్పుడుంటె పంటవా కాకా?"

"మందల పండెటోనికి సప్పుడుండాలె. గొర్లు నెమరేస్తనే ఉంటయ్, గంటలు గల్లుమంటనే ఉంటయ్, ఏదో ఒకటి దగ్గుతనే ఉంటది. గట్లుంటె అంత మంచిగున్నట్టు. అన్ని ఒక్కపారి ఊకున్నయంటె తోడేలో కుక్కలో వచ్చినట్టే. సప్పుడుకు లేవను పిలగా. సప్పుడు ఆగితె లేస్త."

ఇల్లు ఏడాదిగా ఊరుకునే ఉంది. అంటే ఆయన ఏడాదిగా తోడేలు కోసం చూస్తున్నాడు. ఇంత మంచి వాక్యం నాకు తట్టినందుకు మురిసిపోదామంటే, ఫ్యాన్ గాలికి డెక్ ప్లాన్ ఎగిరి బల్ల కిందికి పోయింది. వంగి తెచ్చుకుని మళ్ళీ పరిచాను. ఇప్పుడు వెతికింది నడుమ కాదు. వెనక భాగం, గదులున్న అన్నిటికన్నా కింది అంతస్తు. ఎవరికీ అంటగట్టొద్దని మాకు మేమే చెప్పుకునే గదులు అవి.

"ఇది తీసుకుందాం అక్కా. ఇంజిన్ మీద ఉంటది."

సుజాతక్క నన్ను రోగిని చూసినట్టు చూసింది. "తమ్మీ, తలకాయ పనిజేస్తాందా? మా వార్డుల నిశ్శబ్దం అని బోర్డు వెడ్తం. నువ్వేమో నిద్ర లేని మనిషిని తీస్కవోయి ఇంజిన్ మీద పండవెడ్తవా?"

"మీ వార్డుల అందరు మంచిగ పంటున్నరా అక్కా?"

బీరయ్య పటం మీదికి వంగి, నా వేలు ఉన్న చోట తన వేలు పెట్టాడు. "ఇంజిను రోజంత నడుస్తదా?"

"ఓడ నడిచినంతసేపు నడుస్తది కాకా."

"గిదే ఇయ్యమను బిడ్డా," అన్నాడు కూతురితో.

మిగిలింది సాయమ్మ. ఆమె వచ్చింది సముద్రం కోసం. కింది అంతస్తుల్లో చాలా గదులకు గుండ్రటి కిటికీ తప్ప ఏమీ ఉండదు, కొన్నింటికి అదీ ఉండదు. వెతగ్గా వెతగ్గా ఓడ తోక దగ్గరే, కాస్త పైన, ఇంజిన్ అదురు అందే అంతస్తులో ఒక చిన్న బాల్కనీ గది దొరికింది.

"సముద్రం కనవడుతదా?" అని అడిగింది.

"ఎనుకకు వోయే సముద్రం కనవడుతది పెద్దమ్మా. ఓడ దాటినంక మిగిలింది."

"మిగిలింది సాలు. ముందటిది ఎట్లాగు ఎనుకకే వస్తది గదా."

గది ఖాయమైంది. టికెట్ల కవరులో, మా దగ్గర ఓడ ఎక్కే ప్రతి ఒక్కరికీ పెట్టినట్టే, ఆధార్ నకళ్ళు, బ్యాగులకు కట్టే చీటీలు, వాంతులు రాకుండా వేసుకునే గోలీలు పెట్టి ఇచ్చాను. వాళ్ళు ముగ్గురూ ముంబై వెళ్ళి ఓడ ఎక్కారు. నేను షిర్డీ బస్సు చూసుకున్నాను. చూసుకున్నానంటే, చూస్తూ ఓడ గురించే ఆలోచించాను. ఆయన నిద్రపోకపోతే, నర్సు చెప్పిన మాట కాదని గొర్లకాపరిని ఇంజిన్ మీద పడుకోబెట్టిన మనిషిగా పాలమూరులో నాకు కొత్త పేరు వస్తుంది.

ఓడ గోవా దరికి వచ్చి సిగ్నల్ అందిన ఉదయం ఫోన్ వచ్చింది.

"తమ్మీ, బాపు లేస్తలేడు."

చేతిలో చాయ్ ఉంది. కింద పెట్టాను. "లేస్తలేడంటె?"

"టిఫిన్ టైం అయిపోయింది. మంచం వణుకుతాంది, గోడలు వణుకుతున్నయ్, నాకు తలనొప్పి లేసింది. ఆయన గురక."

ఆ గురక నాకూ వినిపిస్తోంది. దాని వెనక ఇంజిన్ మోత, రెండూ ఒకే శ్రుతిలో. దూరంగా సాయమ్మ గొంతు: "గా పిలగానికి చెప్పు, ఈయనతోని సముద్రం సప్పుడే వినవడ్తలేదని."

నేను ఏదో గొప్పగా అనబోయాను. ఇంతలో ఫోన్‌లో మోత తగ్గి, తగ్గి, ఆగిపోయింది. ఓడ రేవు చేరినట్టుంది. గురక కూడా ఆగింది. మంచం కిర్రుమంది. బీరయ్య గొంతు, నిద్ర పూర్తిగా వదలకుండా, కంగారుగా:

"మంద ఏది?"

సాయమ్మ గొంతు మంచం దగ్గరికి వచ్చింది.

"ఈడనే ఉన్నది. అన్ని ఉన్నయ్. పండుకో."

"మళ్ళ చేస్త తమ్మీ," అని సుజాతక్క ఫోన్ పెట్టేసింది. చాయ్ చల్లారిపోయింది. అలాగే తాగాను.

తిరిగొచ్చాక వాళ్ళింట్లో రెండు మేకలు చేరాయి. మోకాళ్ళు అరిగిన మనిషి మేపలేడు కాబట్టి వాటిని కిటికీ కింద కట్టేసి, మెడల్లో గంటలు కట్టారు. వాసన భరించలేకపోతున్నామని సుజాతక్క అంటుంది. నిద్ర గోలీల మాట ఎత్తదు.

నాకు ఆ బుకింగ్ నేర్పింది ఒకటే. మంచి గది అని ఒకటి ఉండదు, పడుకునే మనిషిని బట్టి ఉంటుంది. ఇప్పుడు ఎవరు ఓడ అడిగినా డెక్ ప్లాన్ తీయకముందే అడుగుతాను, మీరు ఇంట్లో ఏ సప్పుడు మధ్య పడుకుంటారని. ఒకాయన కూలర్ అన్నాడు. ఒకామె మా అత్త అంది. ఇద్దరికీ వేరువేరు అంతస్తులు చూపించాను.

ఇక చివరి సంగతి. ఓడ ఎక్కిన రోజు నా కవరులోని వాంతుల గోలీలను సుజాతక్కే గుర్తుపెట్టుకుని బాపుతో రెండు పూటలా వేయించిందట. అవి వేసుకుంటే మత్తుగా నిద్ర వస్తుందని అట్ట వెనకే రాసి ఉంటుంది.