పాప కాళ్లు నిలదొక్కుకున్న ఏడాది

మా పాపకు రెండేళ్లు నిండేసరికి దాని కాళ్లు బయటికి వంగిపోయాయి. నిలబెడితే రెండు మోకాళ్ల మధ్య నా పిడికిలి పట్టేది.

అప్పటికి మేము తమిళనాడు సరిహద్దులో పరదరామి పక్క పల్లె వదిలి గుడియాత్తం టౌనుకు వచ్చి మూడేళ్లయింది. నా భర్త మేస్త్రీ. మోర్ధానాలో ఆనకట్ట పని దొరకడంతో అక్కడే ఉండి వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. నేను ఇంట్లోనే కూర్చుని అగ్గిపెట్టెల అట్ట డబ్బీలు జిగురుతో అంటించేదాన్ని. మాది ఒకటే గది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. పాప పొద్దస్తమానం నా పక్కనే అట్టముక్కలతో ఆడుకునేది. బయటికి వదిలితే ఎండకు నల్లబడుతుందని, సైకిళ్ల కింద పడుతుందని నా భయం.

పల్లెలో మేమంతా రాగిసంగటి తిని పెరిగినవాళ్లమే. టౌనుకు వచ్చాక నాకది నామోషీ అయింది. మా అత్త రాగులు పంపితే ఎవరికో ఇచ్చేసేదాన్ని. పక్కింట్లో కొత్తగా వచ్చిన కలర్ టీవీలో పిల్లలు ఏదో పొడి కలుపుకుని తాగి పరుగులు తీస్తుంటే, అలాంటి డబ్బానే తెచ్చి పాపకు నీళ్లలో కలిపి పట్టాను. మిగతా పూటలు టీలో ముంచిన బిస్కెట్టు, తెల్లన్నం, చారు. పాపకు మణికట్లు లావుగా ఉంటే ఒళ్లు చేస్తోందని మురిసిపోయాను కూడా.

ఒకరోజు మా అత్త చూడవచ్చింది. గడపలోనే నిలబడిపోయింది.

"అమ్మీ, బిడ్డ నడక చూసినావా? బాతు మాదిరి ఊగతా ఉండాది."

"చిన్నబిడ్డ కదత్తా, పోనుపోను సరవతాది."

"యాడ సరవతాది! నా చేతుల మీద ఆరుమంది పెరిగినారు. ఒకరికీ ఇట్ల లేదు."

వీధిలో తలా ఒక మాట చెప్పారు. వెదురుబద్దలు కట్టించమన్నారు ఒకరు. ఎముక కోసి ఇనుప కడ్డీలు వేస్తారన్నారు ఇంకొకరు. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. వారాంతానికి నా భర్త వచ్చినప్పుడు పాపను గోడకు ఆనించి నిలబెట్టి చూపించాను. మోకాళ్ల మధ్య తన పిడికిలి పెట్టి చూశాడు. "రేపే రాయవేలూరు పెద్దాస్పత్రికి పోదాం" అన్నాడు.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తుంటే పాప ఏడుపుకి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. డాక్టరమ్మ నడివయసు మనిషి. పాప మణికట్టు వేళ్లతో నొక్కి చూసి, ఏం పెడుతున్నావని తమిళంలో అడిగింది. నేను గర్వంగా డబ్బా పేరు చెప్పాను. దేంట్లో కలుపుతావంది. నీళ్లలో అన్నాను. ఎండలో ఆడుతుందా అంది. నల్లబడుతుందని బయటికి వదలనన్నాను. ఆమె ఫిల్ము వెలుగుకు పెట్టింది. ఎముకల చివర్లు దారాలు ఊడిన గుడ్డ అంచులా ఉన్నాయి. ఆమె ఏదో వివరంగా చెప్పింది గానీ నా చెవికి ఒక్క మాటా ఎక్కలేదు. పక్కనున్న నర్సు చిత్తూరు వైపు పిల్ల. నా భుజం తట్టి తెలుగులో చెప్పింది.

"అక్కా, ఆపరేషన్ వద్దంట. ఎముకల్లో సున్నం చాలక మెత్తబడి ఉండాయి. మందిస్తారు, తిండి మార్చాల. అంతే."

"సున్నమా? గోడకు కొట్టే సున్నమా అమ్మా?" అన్నాడు నా భర్త.

ఆ పిల్ల నవ్వింది. "అట్లాంటిదేన్నా. బిడ్డకైతే పాలల్లో, పెరుగులో, రాగుల్లో ఉంటాది. ముల్లుతో తినే చిన్న చేపల్లో ఉంటాది. ఎండ తగలకుంటే మాత్రం ఎంత తిన్నా ఒంటికి పట్టదు."

నా భర్త భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు. అప్పుడు గాని నాకు తెలియలేదు, ఆయన ఎంత భయపడ్డాడో.

బస్సులో "అంతా నా వల్లనే" అన్నాను.

"నేను మాత్రం చూసినానా? వచ్చినప్పుడంతా ఎత్తుకుంటినే గాని, ఒకనాడన్నా దించి నడిపించింటినా?" అన్నాడు.

మా అత్త రాగిపిండితో వచ్చి మా దగ్గరే ఉండిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. పాలు పోసి, బెల్లం వేసి జావ కాచేది. మొదటిరోజు పాప ఉమ్మేసింది. నాలుగోరోజుకి గిన్నె పట్టుకుని వెంట తిరిగింది. మందుపొడి వారం వారం తప్పకుండా పాలలో కలిపి ఇచ్చాను. ముల్లుతో తినే నెత్తిళ్ల చేపల పులుసు పెట్టడం నేర్చుకున్నాను. అట్టలూ జిగురూ మిద్దెమీదికి చేర్చి, ఉదయమంతా ఎండలోనే పని చేసేదాన్ని. పాప చిన్న చెడ్డీతో కాకుల వెంట పడేది. నల్లబడింది. ఎంత నల్లబడితే నాకంత ధైర్యం వచ్చేది.

మూడు నెలలకు మళ్లీ ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ ఎముక చివర తెల్లటి గీత ఒకటి వేలితో చూపించింది. కొత్త ఎముక అంది. కాళ్లు వంపు తీరి సాఫు కావడానికి టైము పడుతుందని, తొందరపడవద్దని చెప్పింది. పట్టింది కూడా, ఏడాది పైనే. ఏ రోజుకారోజు చూస్తే తేడా కనిపించేది కాదు. వారానికొకసారి వచ్చే నా భర్తకే ముందు తెలిసేది.

చివరిసారి వెళ్లినప్పుడు ఇక రానక్కర్లేదన్నారు. ఆస్పత్రి గేటు దగ్గర అలవాటుగా ఎత్తుకోబోతే పాప నా చెయ్యి తోసేసింది.

"నేనే నడస్తా."

బస్టాండు దాకా నడిచింది. మేమిద్దరం నాలుగడుగులు వెనక నడిచాం. దారిలో జనం తోసుకుంటున్నా మా కళ్లు ఆ కాళ్ల మీదే. "బస్సు పోతాది, ఎత్తుకో" అన్నాన్నేను. "పోనీలే, ఇంకొకటి వస్తాది" అన్నాడాయన.