సార్ ఖాళీ చేసిన గది

మా లెక్కల సార్ పోయారు. వేమగల్ ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకు వెళుతూ ఫోన్ తీస్తే, కాలేజీనాటి గ్రూపులో ఆ వార్త కనిపించింది. అందరూ చేతులు జోడించిన బొమ్మ పెడుతున్నారు. నేను పెట్టలేకపోయాను. ఎందుకో మీతో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

కేజీఎఫ్‌లో బంగారు గనులు మూతపడిన కొత్తలో మా క్లాసు కుర్రాడొకడు వారం పాటు కాలేజీకి రాలేదు. సార్ సైకిలు మీద వాళ్ళింటికి వెళ్ళి చూస్తే, తండ్రికి పని పోయి పొయ్యి వెలగడం లేదు. వాడు సిగ్గుతో దుప్పటి కప్పుకుని పడుకున్నాడట. ఆ తర్వాతి శుక్రవారమే సార్ తన బాప్టిస్టు చర్చివాళ్ళను కూడగట్టి, కాలేజీలో వెనక గది అడిగి తీసుకుని, విద్యార్థుల సహవాసమని వారం వారం కూడిక మొదలుపెట్టారు. ఆశయాలంటూ పెద్ద మాటలేమీ చెప్పలేదు. "కడుపు కాలతా ఉంటే లెక్కా ఎక్కదు, దేవుని వాక్యమూ ఎక్కదప్పా" అనేవారు.

మొదట ఉప్పిట్టు, అదే ఉప్మా. దానికోసం వచ్చేవాళ్ళమే ఎక్కువ, దాచడమెందుకు. తర్వాత గంటసేపు లెక్కలు. చివర్లో పాట, ప్రార్థన. ప్రార్థనకు ముందు సార్ "ఇంగ పోయేవాళ్ళు పోవచ్చప్పా" అని, వెనక్కి తిరిగి బోర్డు తుడిచేవారు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచేవారు. లేచి వెళ్ళేవాళ్ళ మొహాలు చూడకూడదని ఆయన పట్టుదల. చిత్తూరు వైపు నుంచి గని పనికి వచ్చిన హిందూ కుటుంబం మాది. ఇంట్లో దీపం పెట్టే వేళకు నేనుండాలి. అందుకని ప్రతి వారం లేచి వెళ్ళిపోయేవాణ్ణి. సార్ ఏనాడూ కారణం అడగలేదు.

ఏడాది తిరక్కుండానే, సార్ పిల్లల్ని మతం మారుస్తున్నారని ఎవరో అర్జీ పెట్టారు. ప్రిన్సిపాల్ మా నాన్నను, నన్ను పిలిపించి, లెక్కల సార్ ఎదుటే, అక్కడ బలవంతం ఏమైనా ఉందా అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే నాన్న, మావాడు అసలు అక్కడికే పోడని చెప్పేశారు. శుక్రవారాలు లైబ్రరీకని ఇంట్లో చెప్పి పోయేవాణ్ణి మరి. ప్రిన్సిపాల్ నావైపు తిరిగారు. 'నేను అక్కడికి పోతాను, ప్రార్థనకు ముందు లేచి వచ్చేస్తే ఎవరూ ఆపరు' అని ఒక్క మాట చెబితే చాలు. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. సార్ నన్ను ఒకసారి చూసి, ప్రిన్సిపాల్‌తో "బిడ్డని ఇంగ అడగొద్దండి. రూము నేనే ఖాళీ చేస్తాను" అన్నారు.

సహవాసం సార్ ఇంటి వరండాకు మారింది. సగం మంది కూడా అక్కడికి రాలేదు. నేనూ పోలేదు. ఆ తర్వాత దారిలో కనిపిస్తే "అన్నం తింటివాప్పా?" అని ఎప్పటిలాగే పలకరించేవారు. తిట్టి ఉంటే బాగుండేదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. పోయి చెప్పుకోవడానికి మాత్రం కాళ్ళు రాలేదు.

ఆ వార్త చూసి కేజీఎఫ్‌కు పోయి, సమాధి చేసి వచ్చాక సార్ ఇంటికి వెళ్ళాను. గుమ్మం పక్కన కుర్చీలో ఆయన భార్య కూర్చుని ఉన్నారు. శుక్రవారం పిల్లల్లో ఒకణ్ణని చెప్పాను. ఆమె కాసేపు నా మొహంలోకి చూశారు.

"ఆ పొద్దు ప్రిన్సిపాల్ ముందర ఎవురో ఒక బిడ్డ నోరు తెరవలేదంటప్పా. ఎన్ని తూర్లు అడిగినా ఈయన ఆ బిడ్డ పేరు చెప్పలా. నీకేమన్నా తెలుసునా?"

"నేనేనమ్మా" అన్నాను.

ఆమె నా మణికట్టు పట్టుకున్నారు. పరామర్శకు వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఆమె రెండో చేత్తోనే అందరికీ దండం పెడుతున్నారు. క్షమించి పట్టుకున్నారో, ఇన్నాళ్ళకు దొరికానని పట్టుకున్నారో తెలియక, ఆ చేయి అలాగే ఉంచి, కుర్చీ పక్కన నేల మీద కూర్చుండిపోయాను.