నేల తెలియని కోళ్లు

నర్సంపేట దారిలో ఒక కోళ్ల ఫారం మూసేస్తుంటే, ఎవరూ కొనని రెండు తెల్ల కోళ్లను పోయిన వారం సుబేదారిలోని మా ఇంటికి తెచ్చాను. ఈకలు ఊడిన చోటల్లా పసుపు, వేపనూనె కలిపి రాశాను. పుండ్లు మానాయి. కానీ ఇనుప తీగల గూట్లోనే పెరిగిన వాటికి నేల అంటే ఏమిటో తెలియదు. మట్టిలో గింజలు చల్లితే గింజల్ని వదిలేసి నా మొహం చూస్తాయి.

"గెలుకుడు రాని కోడి గూడ ఒక కోడేనా? ఆయితారం కోసి వండుదాం," అని మా అత్తమ్మ తీర్పు చెప్పేసింది.

ఈ సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ఆవిడ పెరట్లో గొంతుక్కూర్చుని వేళ్లతో మట్టి గెలుకుతోంది. కోళ్లు రెండూ మెడలు వంచి ఆ వేళ్లనే చూస్తున్నాయి.

"ఏం చేస్తానవ్ అత్తమ్మా?"

"చెవి కమ్మ పడ్డది. దేవులాడుతాన."

కమ్మలు రెండూ ఆవిడ చెవులకే ఉన్నాయి. అంతలో ఒక కోడి కాలెత్తి నేలను ఒక్క గీకు గీకింది. తను చేసిన పనికి తనే బెదిరి, మళ్లీ వచ్చి, పైకి తేలిన గింజను పొడిచింది.

"అగో, దొరికింది!" అని అత్తమ్మ చప్పట్లు కొట్టింది. కమ్మ సంగతి మరిచే పోయింది.

ఇంతకీ ఆదివారం కూర ఏం వండాలో మీరే చెప్పండి. అత్తమ్మను అడిగే ధైర్యం నాకు లేదు.