మొక్కని మనిషికి ఇచ్చిన మాట

2019లో నేను పాత నల్లగొండ జిల్లాలో, ఆంధ్రా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక సర్కారు దవాఖానలో డయాలసిస్ టెక్నీషియన్‌ని. కిడ్నీలు పనిచేయని మనిషి రక్తాన్ని మిషన్‌లోకి తీసుకొని, శుభ్రం చేసి, మళ్లీ ఒంట్లోకి పంపడం నా పని. అందరూ సిస్టర్ అంటారు. నేను సిస్టర్‌ని కాను. మొదట్లో సరిదిద్దేదాన్ని, ఇప్పుడు పలికేస్తున్నాను. కూలికి పోయే ఇంట్లో పుట్టాను. మా నాయిన చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో డ్రమ్ములు మోసి నన్ను చదివించాడు. నా పేరు ఎస్తేరు. ఎస్తేరు సూది గుచ్చితే నొప్పి తెలియదని పేషెంట్లు నా షిఫ్టు చూసుకొని వచ్చేవాళ్లు. గొప్పలనుకుంటే అనుకోండి, ఉన్నమాటే చెబుతున్నాను.

మా యూనిట్‌లో ఆరు మంచాలు. పేషెంటు వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు పడుకోవాలి. అదే మంచం, అదే పక్కమనిషి, ఏళ్లకు ఏళ్లు. చుట్టాలకన్నా దగ్గరైపోతారు. అందుకే ఒకరు చనిపోతే మిగిలినవాళ్లకు చెప్పకూడదని మాలో ఒక అలవాటు ఉండేది. ఎవరూ రాసిపెట్టింది కాదు, సీనియర్ల దగ్గర నేర్చుకున్నదే. ఎవరైనా ఖాళీ మంచం చూసి అడిగితే "హైదరాబాద్ పంపినం, పెద్ద దవాఖానకు" అనేవాళ్లం. దుప్పటి మార్చి కొత్తవాళ్లను పడుకోబెట్టేవాళ్లం. పేషెంట్ల ధైర్యం చెడకూడదు, వాళ్ల బీపీ పెరగకూడదు అని కారణం చెప్పుకునేవాళ్లం. నేనూ ఎందరికో రెప్ప వేయకుండా ఆ మాట చెప్పాను.

సైదులు కాక మూడో మంచం. మేళ్లచెరువు దగ్గర సున్నపురాయి క్వారీలో ఇరవై ఏళ్లకు పైగా రాళ్లు పేల్చే మందు పెట్టిన మనిషి. అమ్మానాన్నలు జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. ఆయన మాత్రం దర్గాకూ మొక్కడు, లింగమంతుల జాతరకూ పోడు, మా యేసు ప్రభువునూ తలవడు. సూది గుచ్చే ముందు నేను మనసులో ప్రార్థన చేసుకుంటాను. మొదటిరోజే కనిపెట్టేశాడు.

"పెదవులెందుకు ఆడుతున్నయి బిడ్డా?"

"ప్రార్థన కాకా."

"మంచిది. జర సూది మీద గూడ కన్నేసి ఉంచు."

కోపం వచ్చింది. నవ్వూ వచ్చింది.

పక్క మంచం కోటయ్య. టీ హోటల్ నడిపేవాడు. నుదుటి నిండా విభూతితో వచ్చేవాడు. ఇద్దరికీ నాలుగు గంటలూ వాదనే. "పోయేటప్పుడన్న రామా అంటవు తియ్, నేను జూస్త కద" అని కోటయ్య. "నువ్వు ముందు పోతే ఎవడు జూస్తడోయ్?" అని ఈయన. మిగతా నలుగురికీ అది మంచి కాలక్షేపం.

ఆ వానాకాలంలో ఒక ఆదివారం కోటయ్య ఇంట్లోనే చనిపోయాడు. కొడుకు మాకు ఫోన్ చేశాడు. మంగళవారం సైదులు కాక ఖాళీ మంచం చూసి "ఏడి మా సామి?" అన్నాడు. "హైదరాబాద్ పంపినం కాకా" అన్నాను. ఆయన ఒకసారి నా ముఖంలోకి చూశాడు. గురువారం ఆయన రాలేదు. శనివారమూ రాలేదు.

వరుసగా రెండుసార్లు మానితే ఒంట్లో నీరు చేరి ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. శనివారం డ్యూటీ దిగి స్కూటీ మీద వాళ్ల ఊరికి పోయాను. వసారాలో మంచం మీద గోడకు ఆనుకొని కూర్చున్నాడు. కాళ్లు ఉబ్బాయి. డొక్కలు ఎగరేస్తున్నాడు. ఆయన భార్య లచ్చమ్మ నన్ను చూడగానే ఏడుపు అందుకుంది.

"నువ్వన్న చెప్పు బిడ్డా. దవాఖానకు రాడు. తాయెత్తు కడితే తెంపి పారేసిండు."

ఆయన చెయ్యెత్తి భార్యను ఆగమన్నాడు. "కోటయ్యకు ఫోన్ చేసిన. కొడుకెత్తిండు. నాయినకు మూడొద్దులు చేస్తున్నం పెద్దనాయినా అన్నడు. నువ్వేమో హైదరాబాద్ అన్నవు."

"తప్పయింది కాకా. పేషెంట్లు భయపడతరని..."

"నాకు భయమైతలేదనుకున్నవా?" ఊపిరి అందకపోయినా అరిచాడు. "కొండలు పగిలే కాడ నిలబడ్డోన్ని. ఇప్పుడు నీ మిషన్ కూతేస్తే చేతులు వణుకుతున్నయి. లచ్చికి దేవుడున్నడు. నీకున్నడు. కోటయ్యకుండె. నాకు నువ్వు చెప్పే మాట తప్ప ఏమున్నది? బరువు గింత, బీపీ గింత అని నువ్వంటే, గది పట్టుకొని మంచమెక్కుతున్న. గదే అబద్ధమైతే నేనెందుకు రావాలె?"

దేవుణ్ణి నమ్మనివాళ్లు మొండివాళ్లని, వాళ్లకు చావంటే లెక్కలేదని అప్పటిదాకా అనుకునేదాన్ని. వట్టి తెలివితక్కువతనం. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఎట్ల పోయిండు కోటయ్య?" అన్నాడు.

చెప్పాను. ఊరి పెండ్లికి పోయి కోటయ్య ఒకసారి డయాలసిస్ మానాడు. అక్కడ అరటిపండ్లు తిన్నాడు. పండ్లలో పొటాషియం అనే ఉప్పు ఉంటుంది, కిడ్నీలు లేని ఒంట్లో అది పేరుకుంటే గుండె ఆగుతుంది. తెల్లవారి లేపితే లేవలేదు, పెద్దగా కొట్టుకోలేదని కొడుకు అన్నాడు.

సైదులు కాక ఒక్కొక్క మాటా విన్నాడు. "మా క్వారీల మనిషి పోతే పని బందు. ఎవడు పోయిండు, ఎందుకు పోయిండు, అందరిని నిలబెట్టి చెప్పేది. చెప్పకపోతే అదే జాగల ఇంకొకడు పోతడు. ఇగ నుంచి ఎవలు పోయినా చెప్తవా? నా సంగతి గూడ?"

"చెప్త కాకా."

"ఒట్టేయమందామంటే, నాకు ఎవని మీద ఏస్తవ్?" అని ఆ ఆయాసంలోనే నవ్వాడు. ఆ మాట మీదే ఆటో ఎక్కాడు. అప్పటికప్పుడు మిషన్ పెట్టి మూడు లీటర్ల నీరు తీశాను.

డాక్టర్ సారు మొదట కోప్పడ్డాడు. "వాళ్ల ధైర్యం చెడగొడతావా?" అన్నాడు. "సారూ, మన అబద్ధం బయటపడి ఒకాయన పానం మీదికి వచ్చింది" అన్నాను. సారు పెన్ను పక్కన పెట్టి "సరే, నువ్వే చెప్పుకో" అన్నాడు. నేనే చెప్పుకున్నాను. ఆ సోమవారం, మంగళవారం, ఏ షిఫ్టునూ వదలకుండా కోటయ్య సంగతి చెప్పాను. ఒక ముసలమ్మ ఏడ్చింది. ఏడ్చి ముక్కు చీదుకొని "ఎన్ని పండ్లు తిన్నడు బిడ్డా?" అని అడిగింది. నేను రోజూ మొత్తుకున్నా వినని పథ్యం ఆ రోజు అందరూ విన్నారు.

"భయం పోయిందా కాకా?" అని ఒకసారి అడిగాను.

"యాడికి పోతది? ఆణ్నే ఉన్నది. గని అబద్ధం లేని కాడ కూసోని భయపడుతున్న. జర నయం."

అట్లా మూడేళ్లు వచ్చాడు. 2022లో ఒక ఉదయం, డయాలసిస్ మూడో గంటలో ఆయనకు చెమటలు పట్టాయి. మిషన్ కూత పెట్టింది.

"బీపీ ఎంత బిడ్డా?"

బాగానే ఉందనడం ఎంత తేలిక! అందరం అంటాం. నాలుక చివర ఉంది ఆ మాట.

"అరవై కాకా. పడిపోతాంది. సెలైన్ ఎక్కిస్తున్న, డాక్టర్‌ను పిలిచిన."

నా మణికట్టు పట్టుకున్నాడు. "ఉండు" అన్నాడు. ఉన్నాను. ఎమర్జెన్సీకి తీసుకుపోయి అరగంట సేపు గుండె నొక్కాం. తిరిగి కొట్టుకోలేదు.

యూనిట్‌లోకి తిరిగి వచ్చాను. ఐదుగురూ మిషన్ల మీదే ఉన్నారు. ఐదుగురి కళ్లూ నా మీదే. మా ఇండ్లలో చనిపోయాడు అనరు, ప్రభువు నందు నిద్రించాడు అంటారు. నోటిదాకా వచ్చిన ఆ మాటను మింగాను. అది నా మాట, ఆయనది కాదు.

"సైదులు కాక చనిపోయిండు. గుండె ఆగింది. అరగంట కష్టపడ్డం, రాలే" అన్నాను.

ఎవరూ అరవలేదు. మొదటి మంచం అవ్వ మెల్లగా చెయ్యి చాపింది. "నా బీపీ గూడ చూడు బిడ్డా." ఐదుగురికీ చూశాను, ఎవరి అంకె వాళ్లకు చెప్పాను. బాత్రూంలోకి పోయి తలుపేసుకొని ఏడ్చింది ఆ తర్వాతే. సూది బాగా గుచ్చుతానని గర్వపడేదాన్ని. ఆ రోజు నుంచి ఇంకో గర్వం చేరింది. నా చేతిలో పడుకున్న మనిషికి నా నోటి మాట కూడా మందేనని, దాన్ని కల్తీ చేయకూడదని ఈ ఉద్యోగంలో నాకు నేర్పింది సైదులు కాకే. కొత్తగా చేరిన పిల్లలకు సూది కంటే ముందు అదే నేర్పుతున్నాను.

దినాలు అయ్యాక లచ్చమ్మ ఆయన కాగితాల కోసం వచ్చింది. ఫైలు చేతికి ఇచ్చినా కదల్లేదు.

"ఊర్లె అందరు అడుగుతున్నరు బిడ్డా. ఆఖరికన్న దేవుణ్ణి తలిచిండా అని. పక్కనున్నది నువ్వే గద."

ఆమె కూడా అదే కోరుకుంటోందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆయన కోసం ఎన్ని గుళ్లలో ముడుపులు కట్టిందో నాకు తెలుసు. ఊ అంటే చాలు, ఆమె హాయిగా నిద్రపోతుంది. నిజం చెప్పొద్దూ, నమ్మే మనిషిగా నాకూ ఊ అనాలనే ఉంది.

"లేదు చిన్నమ్మా. బీపీ ఎంత అని అడిగిండు."

"చెప్పినవా?"

"ఉన్నదున్నట్టు చెప్పిన."

"భయపడ్డడా?"

"పడ్డడు. నా చెయ్యి పట్టుకున్నడు."

కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకొని ఫైలు చంకలో పెట్టుకుంది.

"ఎవలడిగినా గిదే చెప్త బిడ్డా. భయపడ్డడు, గని మాట మార్చలే అని చెప్త."