వాల్ట్జ్ మధ్యలో బజ్జీలు

ముందు వరసలో కూర్చున్న మూర్తి అంకుల్ "అయ్యయ్యో!" అంటూ లేచి నిలబడ్డారు. అప్పటికే లైట్లు వేసేశాను, మైకులో చెప్పేశాను, బజ్జీల మూత కూడా తీసేశాను. ఎనభై దాటిన పెద్దాయన ఒకే ఒక్క సినిమా వేషాన్ని శనగపిండిలో ముంచి తీసిన ఘనత నాది. నవ్వండి, ఫరవాలేదు.

సింగపూర్ హౌగాంగ్‌లో మా బ్లాక్ పక్క హాల్లో తెలుగువాళ్ళం పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా వేసుకున్నాం. రిమోటు నా చేతికిచ్చారు. కోతికి కొబ్బరికాయ అంటారు గానీ కోతే నయం, దానికి బజ్జీలు చల్లారిపోతాయన్న బెంగ ఉండదు.

తెర మీద జమీందారు ఇంట్లో విందు. కోట్లు తొడుక్కున్న వాద్యబృందం ఫిడేళ్ళెత్తి వాల్ట్జ్ అనే దొరల డాన్సు బాణీ మొదలెట్టింది. పాట లేదు, మాట లేదు, హీరో జాడ లేదు. ఇలాంటప్పుడేగా మనవాళ్ళు సోడాకి లేచేది!

"ఇంటర్వెల్ అండీ!" అన్నాను.

జనం టిష్యూ ప్యాకెట్లు పడేసి, ఇక్కడి పద్ధతిలో కుర్చీలు 'చోప్' చేసేసి, అంటే ఆపేసుకుని, బజ్జీల మీద పడ్డారు.

"అమ్మాయ్, ఆ ఫిడేళ్ళలో నేనున్నానే!" అన్నారు అంకుల్. కుర్రతనంలో మద్రాసు స్టూడియోల్లో వాయించేవారట. మనవరాలు నమ్మడం లేదని, కళ్ళారా చూపిద్దామని వెంటబెట్టుకొచ్చారట.

"తాత ఆల్వేస్ బ్లఫ్ లా," అంది ఆ పిల్ల.

నా తల భూమిలోకి దిగిపోయింది. లైట్లార్పి, ఈలోగా ముందుకి నడిచిపోయిన సినిమాని వెనక్కి తిప్పితే హీరోయిన్ పసిపాపై ఉయ్యాల్లో పడింది. ముందుకి నొక్కితే విలన్ చేతికి బేడీలు పడ్డాయి.

"క్లైమాక్స్ చెప్పేశావేంటమ్మా!" నోట్లో బజ్జీతోనే ఎవరో అరిచారు.

ఎట్టకేలకు వాల్ట్జ్ దొరికింది. "అదిగో, నేనే!" అని అంకుల్ చెయ్యెత్తారు. అక్కడ గుమ్మడికాయంత కొప్పు నీడ. ప్రొజెక్టరుకి అడ్డంగా నిలబడింది నేనే!

"ఆంటీ, మూవ్ లా!"

నేల మీద చతికిలబడి మళ్ళీ తిప్పాను. ఫిడేలు కనిపించింది, మోచెయ్యి కనిపించింది. మొహం ఉండాల్సిన చోట హీరోయిన్ కొప్పు!

అంకుల్ నవ్వారు. "అప్పుడు ఆవిడ, ఇప్పుడు నువ్వు. నా నుదుట కొప్పే రాసుందమ్మా."

మనవరాలు మాత్రం తెర దగ్గరికి పరిగెత్తింది. "తాతా, దట్స్ యువర్ ఎల్బో! ఇడ్లీ తినేప్పుడు కూడా ఇలాగే ఎగురుద్ది!"

హాలంతా చప్పట్లు కొట్టింది. నేను మాత్రం తలెత్తలేదు.

మర్నాడు పొద్దున పిల్లలకి పాలు అందిస్తూ చెప్పాను: "సినిమాలో ఎవరూ పాడకపోయినా, ఆడకపోయినా కదలకుండా కూర్చోండి. అక్కడ ఎవరి తాతో వాయిస్తూ ఉంటారు. మీ అమ్మ ఇక జన్మలో రిమోటు ముట్టదు, కొప్పు పెట్టదు. ఇది ఈ పాలగ్లాసుల మీద ప్రమాణం."