షట్టర్ పెట్టెలో పురుడు

"లే. దించుతున్నా," అన్నారు ఓనరుగారు. ఆయన చేతిలో షట్టర్ లాగే పొడవాటి ఇనప కొక్కెం ఉంది. నేను సరిగ్గా ఆ షట్టర్ కిందే, గుమ్మానికి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "దించండి. నా నెత్తి మీదే దించండి," అన్నాను. గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రం వేళ అది. కోచింగ్ సెంటర్ల నుంచి బయటపడ్డ విద్యార్థులు గుంపులుగా ఆగి మరీ చూస్తున్నారు. "ఏందయ్యా నీ లెక్క? పిల్లలు ఎగిరిపోగానే మూసుకోమని మాటిచ్చావా లేదా?" "ఇచ్చానండి." "ఎగిరిపోయినయ్యా లేదా?" "పోయాయండి." "మరి?" "మళ్ళీ గుడ్లు పెట్టాయండి." ఓనరుగారు కొక్కెం నేలకు ఆనించి, "నన్నడిగి పెట్టినయ్యా?" అన్నారు. "నన్నూ అడగలేదండి. మాటిచ్చింది నేను, వాటికేం తెలుసు? అందుకని మాట తప్పుతున్నాను. ఏం చేసుకుంటారో చేసుకోండి," అన్నాను. అప్పటికి నేను ఆ షట్టర్ వెనకున్న పత్రికాఫీసులో ట్రైనీని (అంటే ఆఫీసులో ఎవరైనా అరవదగినవాణ్ణి, తిరిగి ఎవరి మీదా అరవకూడనివాణ్ణి). నా బతుకులో మొదటిసారి ఒక పెద్దమనిషికి ఎదురు తిరిగింది రెండు ఊరపిచ్చుకల తరఫున. ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఈ రోజుకీ సిగ్గు లేదు.

ఆ వయసులో మనకు తెలియనిదంటూ ఉండదు. అద్దంకి పక్క పల్లె నుంచి బస్సు దిగి, చొక్కా జేబుకు పెన్ను తగిలించుకోగానే గుంటూరు నా చేతిలోకి వచ్చేసిందనుకున్నాను. మా ఆఫీసు ఒక మిర్చి కమీషన్ వ్యాపారి ఇంటి కింది భాగంలో ఉండేది. ఆయనే ఓనరుగారు, పైన కాపురం. చిక్కేమిటంటే ఆయన మేడమెట్లకు దారి కూడా మా షట్టర్ లోపల నుంచే. రాత్రి మేం మూసి వెళ్తేనే పైన వాళ్ళకు కంటి నిండా నిద్ర. ఆ వేసవిలో ఎన్నికలొచ్చాయి. రాత్రింబవళ్ళు ఎవరో ఒకరు పనిలోనే ఉండటంతో వారాల తరబడి షట్టర్ దించే అవసరమే రాలేదు. మనుషులు ఓట్ల గొడవలో ఉండగా, షట్టర్ చుట్టుకుని కూర్చునే పై పెట్టెలో ఒక జంట కాపురం పెట్టేసింది. ఫలితాలొచ్చాక, ఇక తలుపులు మూసుకోవచ్చు కదా అని నేనే స్టూలెక్కి దుమ్ము దులపబోయాను. షట్టర్ చుట్ట మీద, పెట్టె మూలకు ఆనుకుని గూడు. కొబ్బరి పీచు, గడ్డి పరకలు, పత్తి లారీల నుంచి రాలిన దూది, వీటన్నిటి మధ్యా పార్టీల తోరణాల ముక్కలు. ఊళ్ళో ఒకరి మొహం ఒకరు చూసుకోని పార్టీలన్నీ ఆ గూట్లో కలిసి గుడ్లకు పరుపయ్యాయి. షట్టర్ ఒక్క చుట్టు తిరిగితే చాలు, గుడ్లు పచ్చడే.

నేను వెంటనే మేడ మీదికి పరిగెత్తి ఓనరుగారి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన ససేమిరా అన్నారు. ఆయన భార్యను మేమంతా పిన్నిగారు అనేవాళ్ళం. ఆవిడే వంటింట్లోంచి వచ్చి, "కింద పురుడు జరుగుతుంటే తలుపు దించుతానంటారేంటండీ, వినేవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నారు. వినేవాళ్ళంటే నేనొక్కణ్ణే. అయినా ఓనరుగారు తగ్గి, ఒక ఒప్పందానికి వచ్చారు. పిల్లలు ఎగిరిపోయే దాకా షట్టర్ దించరు, అంతవరకూ రాత్రిళ్ళు గుమ్మంలో మంచం వేసుకుని కాపలా నేనే. (దొంగ వస్తే నేనేం చేయగలనో ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.)

అసలు ఇబ్బంది మా ఇన్‌ఛార్జిగారితో వచ్చింది. అంతకు కొన్నాళ్ళ ముందే ఆయన, గుంటూరులో పిచ్చుక అన్నది లేకుండా పోయిందని, సెల్ టవర్లు, గాజు కిటికీలు, మనుషుల కాఠిన్యం కలిసి దాన్ని తరిమేశాయని అరపేజీ కథనం రాశారు. చదివి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నామని పాఠకులు ఫోన్లు చేశారు. ఇప్పుడు సరిగ్గా ఆయన కుర్చీకి ఎదురుగా, గుమ్మం పైన, లేని పిచ్చుకలు కిచకిచమంటున్నాయి. "సార్, పిచ్చుకలు," అన్నాను. ఆయన తలెత్తకుండానే, "జీనువాయిలు," అన్నారు (అంటే పిచ్చుకంతే ఉండే మరో జాతి పిట్టలు). "కాదు సార్, ఆడదాని గొంతు కింద నల్లమచ్చ చూడండి." "మొదట ఆడదేదో మగదేదో తెలుసుకుని రావోయ్. నల్లమచ్చ మగదానికి ఉంటుంది," అన్నారు. అన్నాక నాలిక్కరుచుకున్నారు. (అప్పటిదాకా నేను ఆ మగపక్షిని 'తల్లీ' అని పిలుస్తూ నూకలు చల్లుతున్నాను. అది ఏమనుకుందో తెలియదు.) పిచ్చుకలున్నాయని రెండు వాక్యాల సవరణ రాసి ఆయన బల్ల మీద పెట్టాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కోడు కింద దోపారు. మర్నాడు మళ్ళీ రాసి పెట్టాను. బల్ల ఊగడం పూర్తిగా ఆగిపోయింది గానీ సవరణ మాత్రం పడలేదు. మగపిచ్చుక కూడా తన వంతు చేసింది. ఆయన స్కూటరు అద్దంలో తన బొమ్మను చూసుకుని, ఎవడో కాపురంలో జొరబడుతున్నాడని రోజూ దానితో యుద్ధం. ఆయన విసుక్కుంటూ అద్దాలకు రెండు జేబురుమాళ్ళు కట్టారు. "జీనువాయిలు అద్దంతో కొట్లాడతాయా సార్?" అనడిగాను. "నీ ట్రైనింగ్ ఇంకా పూర్తి కాలేదు, గుర్తుందా?" అన్నారు.

గుడ్లు పిల్లలయ్యాయి. మగదీ ఆడదీ వంతులేసుకుని పచ్చపురుగులు తెచ్చి నోళ్ళలో కుక్కేవి. ఆ పురుగులన్నీ మేడ మీద పిన్నిగారి బెండ మొక్కలవి కావడంతో ఆవిడ పూర్తిగా మా వైపు వచ్చేశారు. ఒక మధ్యాహ్నం ఈకలు సరిగా రాని పిల్ల ఒకటి గూట్లోంచి జారి గుమ్మంలో పాత పేపర్ల కట్ట మీద పడింది. నేను లేచేలోపే ఇన్‌ఛార్జిగారు కుర్చీ జరిపి దాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. పసుపు అంచుల నోరు తెరిచి అది ఆయన బొటనవేలిని పురుగనుకుంది. ఆయన స్టూలెక్కి, అంతటి మనిషీ ఒంటికాలి మీద నిలబడి, దాన్ని గూట్లో పెట్టి దిగారు. నేను చూస్తున్నానని గమనించి, "జీనువాయి పిల్ల," అని వెళ్ళి కూర్చున్నారు.

పిల్లలు ఒక్కొక్కటే ఎగిరిపోయాయి. చివరిది వెళ్ళిన రోజు ఓనరుగారు సంతోషంగా కిందికి వచ్చి, పిచ్చుకలు మళ్ళీ ఆ వైపు చూడకుండా పెట్టె అంచున గుప్పెడు ఎండు మిరపకాయలు నలిపి చల్లారు. మిర్చి వ్యాపారం చేసేవారికి లోకంలో ప్రతి ప్రాణీ మిరపకాయకు జడుస్తుందనే నమ్మకం ఉంటుంది. ఆయన తుమ్మారు, నేను తుమ్మాను, ఇన్‌ఛార్జిగారు తుమ్ముతూనే హెడ్డింగు పెట్టారు. పిట్టలకు మాత్రం కారం తెలియదట, ఆ సంగతి మాకు అప్పుడే తెలిసింది. మగపిచ్చుక తాపీగా వాలి, ఒక మిరప తొడిమ ఏరుకుని, గూడు మరమ్మతుకు పట్టుకెళ్ళింది. ఒక కాన్పు కాగానే అదే గూట్లో మరో కాన్పుకు సిద్ధమవడం వాటి పద్ధతని అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే నేను ఆ మాటే ఇచ్చేవాణ్ణి కాదు, ఓనరుగారు ఆ మాటే పుచ్చుకునేవారు కాదు. పిల్లలు తిరిగొస్తాయేమో, నాలుగు రోజులాగి దించుదురుగానని ఓనరుగారిని ఆపి, ఆ గడువు కాగానే నేను స్టూలెక్కేసరికి మచ్చల గుడ్లు మళ్ళీ ఉన్నాయి.

ఆ సాయంత్రమే నేను కుర్చీ వేసుకుని కూర్చున్నది. కొక్కెం పట్టుకున్న ఓనరుగారికి మొహం ఎర్రబడింది. "రేపే ఖాళీ చేయిస్తా మీ ఆఫీసు. సార్, మీరైనా చెప్పండి ఈ కుర్రాడికి!" అని లోపలికి కేకేశారు. ఇన్‌ఛార్జిగారు వచ్చారు. నా ఉద్యోగం ఆయన ఒక్క మాటలో ఉంది. అంతకంటే ముఖ్యం, ఆ గూడు పోతే ఆయన రాసిన అరపేజీ నిజమవుతుంది. ఆయన నన్ను చూశారు, పైకి చూశారు, వీధిలో గుంపును చూశారు. "అవి పిచ్చుకలు కావు. గుంటూరులో పిచ్చుకలు లేవు, నేను రాశాను," అన్నారు. ఓనరుగారు హమ్మయ్య అనుకుని కొక్కెం ఎత్తారు. "అయినా మీరు ఆ షట్టర్ దించితే మాత్రం నేను ఊరుకోను," అంటూ ఇన్‌ఛార్జిగారు తన కుర్చీని ఈడ్చుకొచ్చి నా పక్కన వేసుకుని కూర్చున్నారు. మెట్ల మీద నుంచి పిన్నిగారు, "ఇంకో కుర్చీ ఉందా అబ్బాయ్?" అన్నారు. ఓనరుగారు ఆ మూడు మొహాలనూ చూసి, కొక్కెం నా ఒళ్ళో పడేసి, "కాపురాలు చేసుకోండి అందరూ!" అంటూ మేడెక్కారు. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున వెల్డింగు మనిషి వచ్చి షట్టర్‌కు బదులు రాత్రిళ్ళు వేసుకోవడానికి, లోపలి పక్కన మడత గ్రిల్లు బిగించాడు. "పిట్టల కోసం కాదు, మా ఆవిడ పోరు పడలేక," అని ఓనరుగారు అడగనివాళ్ళకు కూడా చెప్పారు.

ఇప్పుడు నేను ట్రైనీల మీద అరిచే వయసుకు వచ్చాను. స్టూలెక్కమంటే మోకాళ్ళు ఒప్పుకోవు, ఓనర్లతో గొడవంటే మనసు ఒప్పుకోదు. అన్నిటికీ సర్దుకుపోవడం నేర్చాను, దాన్నే అనుభవం అంటున్నారు. కుర్చీ వేసుకుని 'నా నెత్తి మీద దించండి' అన్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. కానీ వాడు చేసింది తప్పని ఎవరైనా అంటే ఈ వయసులోనూ కొట్లాటకు వెళ్తాను. ఇన్‌ఛార్జిగారు రిటైరయ్యారు. ఫోన్ చేస్తే ముందు అడిగేది, "మీ జీనువాయిలు ఎలా ఉన్నాయోయ్?" అనే.

మా ఆఫీసు అక్కడి నుంచి ఎప్పుడో మారిపోయింది. ఆ గదిలో ఇప్పుడు పళ్ళ డాక్టరు ఉన్నారు, రోజూ గ్రిల్లే వేసుకుంటారు. మొన్న అటు వెళ్ళినప్పుడు ఓనరుగారు గుమ్మంలోనే ఉన్నారు. ఇద్దరం తలెత్తి చూశాం. పెట్టె అంచు నుంచి గడ్డి పరకలు వేలాడుతున్నాయి. పాతవో కొత్తవో కింద నుంచి తెలియలేదు. "దించి చూద్దామంటావా?" అన్నారాయన. "మీ ఇష్టమండి," అన్నాను. "ఈ వేసవి పోనీలే," అన్నారు. పోయిన వేసవిలోనూ అదే మాటన్నారని లోపల్నుంచి పిన్నిగారు గుర్తు చేశారు. ఆ షట్టర్ ఇప్పుడు అసలు కిందికి దిగుతుందో, తుప్పుపట్టి బిగుసుకుపోయిందో ఎవరికీ తెలియదు. ఇంతవరకు ఎవరూ లాగి చూడలేదు.